రెటీనా కెమెరా మార్చే ముందు: కంటి ఆసుపత్రుల యాజమాన్యాలకు, కొనుగోలు కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్య ప్రతినిధులకు, కొనుగోలు కమిటీ సభ్యులకు, రెటీనా కెమెరాలను తయారుచేసి అమ్మే సంస్థల వారికి నమస్కారాలు.

నేను కంటి ఆసుపత్రిలో రెటీనా ఫోటోలు తీసే టెక్నీషియన్ని. గదిలో దీపం ఆర్పి, ఎదుట కూర్చున్నవారి గడ్డం, నుదురు సరిగ్గా ఆనేలా చూసి, జాయ్‌స్టిక్ కదుపుతూ కంటి వెనుక పొరను ఫోటో తీయడం చాలా ఏళ్లుగా నా వృత్తి. మా ఆసుపత్రిలో పాత కెమెరా తీసేసి కొత్తది కొనాలన్న ప్రస్తావన వచ్చినప్పుడు, ఆ కెమెరాలతో రోజంతా గడిపే మేము రెండుసార్లు మా అభిప్రాయాన్ని కాగితం మీద రాసి ఇచ్చాము. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి ‘పరిశీలిస్తాము’ అన్న మాట వచ్చింది గాని, అప్పటికే ఆర్డరు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఆ ఆసుపత్రి పేరుగాని, ఆ కెమెరా కంపెనీ పేరుగాని ఇక్కడ రాయడం లేదు. వేరేచోట్ల ఇదే పని చేసేవారితో మాట్లాడినప్పుడల్లా చిన్నచిన్న తేడాలతో ఇదే సంగతి వింటున్నాను కాబట్టి, ఒక్కరిని వేలెత్తి చూపడం న్యాయం కాదనిపించింది.

కొత్త కెమెరాలు వద్దని నేను చెప్పడం లేదు. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్‌ను ప్రపంచానికి పరిచయం చేసినప్పుడు వైద్యుడు చూసింది చూసినట్టు గీసుకోవలసి వచ్చేది. 1926లో జైస్ సంస్థ, నార్డెన్‌సన్ కలిసి తెచ్చిన తొలి వాణిజ్య ఫండస్ కెమెరా (రెటీనా కెమెరాకు మరో పేరు) 20 డిగ్రీల మేర మాత్రమే చూపేది. ఇప్పుడు కనుపాపను విచ్చుకునేలా చేసే చుక్కల మందు వేయకుండానే 45 డిగ్రీలు తీసే కెమెరాలు, రెటీనా అంచుల దాకా 200 డిగ్రీలు ఒక్క క్లిక్‌తో పట్టే కెమెరాలు, చేతిలో ఇమిడే కెమెరాలు ఉన్నాయి. వీటివల్ల చూపు దక్కించుకున్నవారు ఎందరో ఉన్నారు. మా ఫిర్యాదు వీటిని ఎంచుకునే తీరు గురించి, పాతదాన్ని పక్కన పెట్టే తీరు గురించి మాత్రమే.

డెమో రోజు ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. కంపెనీ ప్రతినిధి కెమెరా తెచ్చి, గది చీకటి చేసి, మా సిబ్బందిలోనే ఒక కుర్రవాణ్ణి కూర్చోబెడతారు. అతని కంటి కటకం అద్దంలా ఉంటుంది, చీకటి పడగానే కనుపాప పెద్దదవుతుంది, కదలకుండా కూర్చోమంటే బొమ్మలా కూర్చుంటాడు. ఫోటో అద్భుతంగా వస్తుంది, పెద్ద తెర మీద రక్తనాళాలన్నీ విడివిడిగా కనిపిస్తాయి, గదిలో ఉన్నవాళ్లందరూ తల ఊపుతారు. నా అనుభవంలో అలాంటి కంటిని ఏ కెమెరాతో తీసినా ఫోటో బాగానే వస్తుంది. మరుసటి వారం ఆ కెమెరా ముందు కూర్చునేది వేరే మనుషులు. ఒకరికి శుక్లం ముదిరి ఉంటుంది. ఇంకొకరికి ఇరవై ఏళ్లుగా షుగరు ఉండటంతో ఎంత చీకటిలో కూర్చోబెట్టినా కనుపాప విచ్చుకోదు. మరొకరికి తల వణుకుతుంది. ఇంకొకరి నడుము వంగిపోవడంతో గడ్డం ఆనితే నుదురు ఆనదు, నుదురు ఆనితే గడ్డం ఆనదు. చుక్కల మందు లేకుండా తీసే కెమెరాలకు సాధారణంగా 4 మిల్లీమీటర్ల కనుపాప కావాలి, చిన్న కనుపాప కోసం ప్రత్యేక మోడ్ ఉన్నవాటికి కూడా 3.3 మిల్లీమీటర్ల దాకా అవసరమవుతుంది. ఆ అంకె బ్రోషరులో చివరి పేజీలో ఉంటుంది. డెమో రోజు దాని గురించి ఎవరూ అడగరు.

ఇక మా దగ్గర పాత కెమెరాను ఎందుకు తీసేశారో చూడండి. దాని అద్దాలకు ఏమీ కాలేదు, ఫ్లాష్ బాగానే వెలుగుతోంది, ఫోటో స్పష్టంగానే వస్తోంది. ముసలిదైపోయింది దాని పక్కన ఉన్న కంప్యూటరు. అది విండోస్ 7 మీద నడిచేది. ఆ విండోస్‌కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. భద్రత కారణంగా ఆసుపత్రి కంప్యూటర్ విభాగం దాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించింది, అది వాళ్లు చేయవలసిన పనే. కొత్త విండోస్‌కు సరిపోయే డ్రైవర్ ఆ మోడల్‌కు చేయబోమని కెమెరా కంపెనీ చెప్పింది. అలా మంచి కటకాలున్న కెమెరా ఒక సాఫ్ట్‌వేర్ ముక్క లేక తుక్కు కిందికి పోయింది. విండోస్ 10 మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఆ మధ్యకాలంలో కొన్న కెమెరాలున్న ఆసుపత్రులన్నీ ఇప్పుడు ఇదే గుమ్మం ముందు నిలబడి ఉంటాయి.

కొత్త కెమెరా వచ్చిన నెలలోనే ఒక పెద్దాయన ఏటా జరిగే పరీక్షకు వచ్చారు. ఆయన ఎడమ కంట్లో రెటీనా కింది పొరలో పుట్టుమచ్చ లాంటి ఒక మచ్చ ఉంది. వైద్యులు దాన్ని నీవస్ అంటారు. చాలావరకు అవి ఏ హానీ చేయవు, అరుదుగా ఏదో ఒకటి క్యాన్సర్‌గా మారవచ్చు. మారుతోందా లేదా అని తెలుసుకునే ముఖ్యమైన దారుల్లో ఒకటి పోయినేటి ఫోటో పక్కన ఈ ఏటి ఫోటో పెట్టి చూడటం. ఆయన కెమెరా పట్టీ మీంచి గడ్డం ఎత్తి వెనక్కి వాలుతూ ప్రతిసారీ అడిగే మాటే అడిగారు, ‘ఏమ్మా, పెరిగిందా?’ అని. ‘డాక్టరుగారు చూసి చెబుతారండీ’ అన్నాను, ఎప్పుడూ అనే మాటే. అయితే ఆ రోజు డాక్టరుగారి దగ్గర కూడా పక్కన పెట్టడానికి ఏమీ లేదు. ఏళ్ల తరబడి నేనే తీసిన ఆయన ఫోటోలు నెట్‌వర్క్ నుంచి తప్పించిన పాత కంప్యూటరులో, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోని ఫార్మాట్‌లో ఉన్నాయి. పైగా కొత్త కెమెరా ఆకుపచ్చ, ఎరుపు లేజర్లు రెండింటితో తీసి రంగులు కలిపి చూపేది కావడంతో, మచ్చ రంగు, అంచు కూడా మాకు అలవాటైన తీరులో లేవు. మచ్చ మారిందా, కెమెరా మారడం వల్ల అలా కనిపిస్తోందా అన్నది ఆ కుర్చీలో కూర్చుని ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన్ను ఏడాదికి బదులు ఆరు వారాలకే మళ్లీ రమ్మన్నారు. ఆ ఆరు వారాలు ఆయనకు నిద్ర ఎలా పట్టిందో ఊహించగలను.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు డ్యూటీ అయ్యాక పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కొక్కరి ఫోటోలు ఒక్కొక్కటిగా జేపెగ్‌గా బయటికి తీశాను. అన్నీ ఒకేసారి తీసే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఉన్న వెర్షన్‌కు వేరే లైసెన్సు కావాలి. తీసిన ఫైలులో కుడి కన్నా ఎడమ కన్నా అన్న సంగతి ఫైలు పేరులో నేను రాస్తేనే ఉంటుంది, ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లన్న కొలత అసలు ఉండదు. పని వేళల్లో చేయవలసిన, చేయగలిగిన పని ఇది. ఆర్డరు ఇచ్చే ముందు ఒక్క షరతు రాసుకుని ఉంటే అవసరమే ఉండేది కాదు.

ఈ నేపథ్యంలో మీ ముందు ఉంచుతున్న డిమాండ్లు ఇవి. చాలావాటి వెంట, అది జరగకపోతే నష్టపోయేది ఎవరో కూడా రాశాను.

1. పాత కెమెరాను నిజంగా మార్చాలా అన్నది ముందు తేల్చండి. ఫోటోలు మసకగా వస్తున్నాయన్న ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ కెమెరా ముసలిదైందని అర్థం కాదు. కెమెరా ముందువైపు కటకం మీద ఎవరి ముక్కో తగిలిన జిడ్డు, కన్నీటి తుంపర, రాత్రి కవరు కప్పక పడిన ధూళి, ఇవే సగం రోజుల్లో కారణాలు. ఒకసారి వరుసగా వచ్చిన ఫోటోల్లో రెటీనా నడిమి భాగమైన మ్యాక్యులాకు కాస్త పైన ఒక చిన్న నల్లచుక్క కనిపించింది. మొదటి మనిషి ఫోటో చదివిన వైద్యులు అది రక్తపు చుక్కేమో అనుకున్నారు. తర్వాతి మనిషికి, ఆ తర్వాతి మనిషికి, కుడి కంట్లోను ఎడమ కంట్లోను ఫ్రేములో సరిగ్గా అదే చోట ఉండటంతో అది సెన్సార్ మీది ధూళి అని తేలింది. అది తేలేలోపు ఒకరు ‘మీ కంట్లో రక్తస్రావం మొదలైంది’ అన్న మాట విని ఇంటికి వెళ్లారు. కాబట్టి శుభ్రపరచడం, సర్వీసింగ్, ఫ్లాష్ పరీక్ష జరిగాక కూడా ఫోటోలు బాగుండకపోతేనే మార్చే ఆలోచన చేయండి. ఒకవేళ ఇబ్బంది కంప్యూటరుదే అయితే, ఆ సంగతి స్పష్టంగా రాసి, కెమెరా కంపెనీని ముందు అడగండి.

2. కొత్త కెమెరాను మా రోగుల మీద పరీక్షించాకే కొనండి. ఒక్క పూట డెమో సరిపోదు. కనీసం రెండు వారాలు కెమెరాను మా గదిలో ఉంచి, ఆ రోజుల్లో వచ్చినవారందరినీ ఏరకుండా వరుసగా తీయాలి. శుక్లం ఉన్నవారు, చిన్న కనుపాప ఉన్నవారు, తల నిలపలేనివారు, పిల్లలు అందరూ అందులో ఉండాలి. ఏ ఫోటో ఏ కెమెరాదో చెప్పకుండా వైద్యులకు ఇచ్చి, చదవడానికి పనికిరానివి ఎన్నో లెక్క తీయాలి. పోటీలో ఉన్న కెమెరాలన్నిటికీ ఆ ఒక్క అంకె పక్కపక్కన రాస్తే, బ్రోషర్లు చెప్పనిది చాలావరకు అదే చెబుతుంది.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పనికిరాని ఫోటో వచ్చిన ప్రతి మనిషికీ చుక్కల మందు వేసి చూడవలసి వస్తుంది. అది వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు, బండి నడపకూడదు. వెంట ఒక మనిషి కావాలి. ఇద్దరి రోజు కూలీ పోతుంది. ఆ రోజు వీలుకాక ‘మళ్లీ వస్తాను’ అని వెళ్లిన కొందరు రారు. షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, చూపు తగ్గించదు. చూపు తగ్గి వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యం అయిపోయి ఉంటుంది. స్క్రీనింగ్ ఉన్నదే ఆ ఆలస్యం జరగకుండా చూడటానికి. మూడింట ఒకరిని వెనక్కి పంపే కెమెరా ఎంత అందమైన ఫోటో తీస్తే మాత్రం ఏం లాభం?

3. డిగ్రీలను, మెగాపిక్సెళ్లను ఒకే కొలబద్దతో కొలిచి రాయమని అడగండి. 200 డిగ్రీలంటే 45 డిగ్రీలకు నాలుగు రెట్లకు పైనే అని కమిటీలో కూర్చున్నవారు అనుకోవడం సహజం. కాని ఆ రెండు అంకెలూ ఒకేచోటి నుంచి కొలిచినవి కావు. వైడ్‌ఫీల్డ్ కెమెరాలవారు చెప్పే 200 డిగ్రీలు కనుగుడ్డు మధ్య నుంచి కొలిచినది. మామూలు కెమెరా చెప్పే 45 డిగ్రీలను కొలిచే పద్ధతిలోనే దాన్నీ కొలిస్తే సుమారు 135 అవుతుంది. అది కూడా ఎక్కువే, కాదనను. రెటీనా అంచున చిరుగు ఉందా, అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టాయా అని చూడవలసిన చోట ఆ వెడల్పుకు సాటి లేదు. అయితే వెడల్పు పెరిగేకొద్దీ వివరం పలచబడుతుంది. 45 డిగ్రీల ఫోటో 3,000 పిక్సెళ్ల వెడల్పు ఉంటే డిగ్రీకి దాదాపు 67 పిక్సెళ్లు వస్తాయి. 135 డిగ్రీలను 4,000 పిక్సెళ్లలో పరిస్తే డిగ్రీకి 30 మాత్రమే. రెటీనా మీద ఒక డిగ్రీ సుమారు 0.3 మిల్లీమీటర్లు కాబట్టి, 60 మైక్రాన్ల మైక్రోఎన్యూరిజం, అంటే షుగరు జబ్బు తొలి గుర్తుగా రక్తనాళం మీద లేచే చిన్న బుడిపె, మొదటి ఫోటోలో 13 పిక్సెళ్ల వెడల్పు ఉంటే రెండోదానిలో సుమారు ఆరు పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. పిక్సెళ్లు ఎన్ని ఉన్నా కటకం బాగాలేకపోతే వివరం రాదన్న సంగతి వేరే. అందుకే తయారీదారు చెప్పిన అంకెను మాత్రమే నమ్మకుండా, ఫండస్ కెమెరాల ప్రమాణమైన ఐఎస్ఓ 10940 ప్రకారం జరిగిన పరీక్షల ఫలితాలను, కంటి మీద పడే కాంతి భద్రతకు ఐఎస్ఓ 15004-2 ప్రకారం ఇచ్చిన పత్రాన్ని అడిగి తీసుకోండి.

ఎంత వెడల్పు కావాలన్నది పనిని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో షుగరు రోగుల స్క్రీనింగ్ కార్యక్రమం ఒక్కో కంటికి 45 డిగ్రీల ఫోటోలు రెండే తీస్తుంది, ఒకటి మ్యాక్యులా మధ్యగా, మరొకటి ఆప్టిక్ డిస్క్, అంటే కంటి నరం రెటీనాను కలిసే చోటు, మధ్యగా. నెలలు నిండని పిల్లల కళ్లు చూసేచోట అది ఏమాత్రం చాలదు. రెండు పనులకూ ఒకే యంత్రం కొని చేతులు దులుపుకుంటే, ఏదో ఒక పని అరకొరగానే మిగులుతుంది.

4. రంగు గురించి కూడా అడగండి. తెల్లని కాంతితో తీసిన ఫోటోకు, రెండు లేజర్ల ఫోటోకు రంగులో తేడా ఉంటుంది. ఆప్టిక్ డిస్క్ పాలిపోయిందా లేదా అన్నది రంగు చూసి చెప్పే మాట. నీటికాసుల (గ్లకోమా) రోగులను ఏళ్ల తరబడి చూసే వైద్యులు ఈ విషయంలో తమకు ఏది కావాలో కొనక ముందే చెప్పాలి, కొన్నాక సణగడం వల్ల ఉపయోగం లేదు. ఇది మా వైద్యులతో గౌరవంగానే అంటున్న మాట.

5. పాత ఫోటోలు కొత్తచోట తెరుచుకున్నాయని చూశాకే ఆర్డరు మీద సంతకం పెట్టండి. ఈ లేఖ మొత్తంలో ఒక్క డిమాండే ఒప్పుకుంటామంటే నేను దీన్నే ఎంచుకుంటాను. వైద్య చిత్రాలకు డైకామ్ అనే ఉమ్మడి ఫార్మాట్ ఉంది, రెటీనా ఫోటోలకు కూడా అందులో చోటు ఉంది. ఏ కంటిది, ఏ తేదీది, ఏ రోగిది, ఎంత కొలత అన్నవన్నీ ఫోటోతోపాటే అందులో ప్రయాణిస్తాయి. ‘మా కెమెరా డైకామ్‌ను సపోర్ట్ చేస్తుంది’ అన్న మాట మీద ఆగకండి. దానికి వేరే లైసెన్సు కొనాలా, ఫోటో పూర్తి నాణ్యతతో వెళ్తుందా, కుదించి వెళ్తుందా అని రాతపూర్వకంగా అడగండి. పాత కంప్యూటరు నుంచి వందమంది ఫోటోలు కొత్తదానిలోకి పంపి, పాతదీ కొత్తదీ ఒకే తెర మీద పక్కపక్కన తెరిచి చూపించమనండి.

దీనికి తోడు, పాత కెమెరా, కొత్త కెమెరా కొంతకాలం పక్కపక్కనే పనిచేయాలి. నీవస్ ఉన్నవారిని, డిస్క్ ఫోటోల మీద నడుస్తున్న నీటికాసుల రోగులను, లేజర్ చేయించుకుని పరిశీలనలో ఉన్నవారిని రెండు కెమెరాలతోనూ ఒకే రోజు తీస్తే, ఆ జంట ఫోటోలు పాతకాలానికీ కొత్తకాలానికీ మధ్య వంతెన అవుతాయి. రెటీనా పొరల మందం కొలిచే ఓసీటీ యంత్రాలు మార్చినప్పుడు ఈ పాఠం చాలామంది నేర్చుకునే ఉంటారు. పాత తరం టైమ్ డొమైన్ ఓసీటీ నుంచి కొత్త తరం స్పెక్ట్రల్ డొమైన్‌కు మారినప్పుడు, రెటీనా కింది హద్దును యంత్రాలు వేర్వేరు పొరల దగ్గర గీయడంతో, అదే కంటికి మ్యాక్యులా మధ్యలో మందం 50 మైక్రాన్లకు పైగా పెరిగినట్టు కనిపించింది. ఆ సంగతి తెలియని మనిషి ఆ రెండు కాగితాలు చూస్తే వాపు వచ్చిందనే అనుకుంటాడు, సూది మందు కూడా వేయిస్తాడు. ఫోటోల విషయంలో అంకె ఉండదు కాబట్టి ఆ పొరపాటు అంత సులభంగా బయటపడదు కూడా.

6. కెమెరాకు ఎన్నేళ్ల ఆయుష్షు లెక్కవేస్తే, సాఫ్ట్‌వేర్‌కు కూడా అన్నేళ్ల హామీ రాయించుకోండి. అమలులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే డ్రైవర్, భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో ఒప్పందంలో ఉండాలి. ఫోటోలు చూసే కంప్యూటర్ల సంఖ్య పెరిగినప్పుడల్లా లైసెన్సు కొనాలా అన్నది కూడా. కంప్యూటరు పాడైతే కెమెరా కంపెనీ దగ్గరే, వాళ్లు చెప్పిన కంప్యూటరే కొనాలన్న షరతు ఉంటే, కొనేముందే తెలియాలి.

7. మరమ్మతు. ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, బాగయ్యేదాకా మరో కెమెరా ఇస్తారా, మోడల్ ఆపేశాక ఎన్నేళ్లు విడిభాగాలు దొరుకుతాయి అన్న మూడింటికీ జవాబు ఏఎంసీలో (వార్షిక నిర్వహణ ఒప్పందంలో) లేకపోతే ఆ ఏఎంసీ కాగితానికి విలువ లేదు. కెమెరా మూలపడిన రోజున కూడా మనుషులు వస్తూనే ఉంటారు.

8. కృత్రిమ మేధ గురించి ఒక హెచ్చరిక. రెటీనా ఫోటో చూసి షుగరు జబ్బు ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, కెమెరాతో కలిపి అమ్ముతున్నారు. ఇలాంటి వాటిలో వైద్యుడు చదవనక్కర లేకుండా తీర్పు చెప్పేందుకు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో మొదట అనుమతించిన ఐడీఎక్స్-డీఆర్‌ను టాప్‌కాన్ ఎన్‌డబ్ల్యూ400 అనే ఒక ప్రత్యేక కెమెరాతో వాడేందుకే అనుమతించింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఏ కెమెరా ఫోటోలతో పరీక్షించారో ఆ కెమెరాతోనే దాని పనితనం రుజువైంది. వెలుగు, రంగు, వెడల్పు మారితే ఆ రుజువు అలాగే నిలుస్తుందన్న హామీ లేదు. కాబట్టి కెమెరా మార్చిన రోజున, మన దగ్గర నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆ కొత్త కెమెరాకు అనుమతి పొందిందా అన్నది చూడాలి, లేకుంటే మళ్లీ పరీక్షించేదాకా దాన్ని ఆపాలి. ‘జబ్బు లేదు’ అని యంత్రం చెప్పిన మాట నమ్మి ఇంటికి వెళ్లే మనిషికి ఈ కెమెరా సంగతులేవీ తెలియవు.

9. పూర్తిగా ఆటోమేటిక్ కెమెరా కొన్నా, చేత్తో నడిపే వీలు తప్పనిసరిగా ఉండాలి. మామూలు కళ్లను ఆటోమేటిక్ కెమెరా నాకంటే వేగంగా తీస్తుంది, ఒప్పుకుంటాను. కన్ను అదేపనిగా ఊగేవారిని, చూపు పోయి కెమెరా లోపలి పచ్చదీపం కనిపించనివారిని, శుక్లానికి పక్కనున్న చిన్న సందులోంచి తీయవలసినవారిని మాత్రం అది తీయలేదు, ‘మళ్లీ ప్రయత్నించండి’ అని ఊరుకుంటుంది. బల్ల చక్రాల కుర్చీ లోపలికి వెళ్లేంత ఎత్తు లేస్తుందా, గడ్డం ఆనే పట్టీ చంటిపిల్లవాడి ఎత్తుకు దిగుతుందా అన్నది కూడా కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఇంకో మాట. చుక్కల మందు వేయకుండా ఫ్లాష్‌తో ఒక కంటి ఫోటో తీస్తే రెండో కనుపాప కూడా ముడుచుకుపోతుంది, అది మళ్లీ విచ్చుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. గంటకు ఇంతమంది అని లక్ష్యం పెట్టేవారు ఆ నిమిషాలను లెక్కలో వేయడం మరచిపోతారు. దాని ఫలితం రెండో కన్ను ఫోటోలో నల్లగా కనిపిస్తుంది.

10. కొనుగోలు కమిటీలో ఫోటోలు తీసేవారు ఒకరు, ఫోటోలు చదివేవారు ఒకరు, కంప్యూటర్ విభాగం వారు ఒకరు ఓటుతో కూర్చోవాలి. ఆహ్వానితులుగా పిలిచి, టీ ఇచ్చి పంపే పద్ధతి వద్దు.

11. తీసేసిన కెమెరా కంప్యూటరులోని డిస్కును, ఫోటోలు భద్రంగా బయటికి తీశాక, తిరిగి చదవడానికి వీల్లేకుండా చెరిపేశాకే బయటికి పంపాలి. అందులో పేర్లు, పుట్టిన తేదీలు, జబ్బులు ఉంటాయి.

కెమెరా తయారీదారులకు విడిగా రెండు మాటలు. మీ యంత్రాలను అందరికంటే ఎక్కువగా తాకేది మేమే, వాటిని మెచ్చుకునేది కూడా మేమే. రోగి ఫోటో మీద హక్కు రోగిది, దాన్ని జాగ్రత్త చేసే బాధ్యత ఆసుపత్రిది. అది మీ ఫార్మాట్‌లో బందీగా ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు. మోడల్ ఆపేసే రోజున, కనీసం ఫోటోలన్నీ ఒకేసారి బయటికి తీసే సాధనాన్ని అదనపు రుసుము లేకుండా ఇవ్వండి. ఇక రెండోది, డెమోకు వచ్చినప్పుడు కుర్రవాళ్ల కళ్లకు బదులు మా బయటి వరుసలో కూర్చున్నవారి కళ్లను ఫోటో తీయడానికి సిద్ధపడి రండి. బాగా వస్తే మీ కెమెరాను మేమే సిఫార్సు చేస్తాము.

యాజమాన్యాలు ఈ పదకొండు అంశాల్లో దేన్ని ఒప్పుకుంటున్నదీ, దేన్ని ఒప్పుకోవడం లేదో కారణంతో సహా, ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము. ఈలోగా మేము చేయగలిగినది మొదలుపెట్టాము. కొత్త కెమెరాతో చదవడానికి పనికిరాని ఫోటో వచ్చిన ప్రతిసారీ కారణం, తేదీ ఒక రిజిస్టరులో రాస్తున్నాము. ఎవరి పేరూ అందులో లేదు, ఎవరు అడిగినా చూపిస్తాము.

నీవస్ ఉన్న ఆ పెద్దాయన ఆరు వారాలకు వచ్చారు, మార్పు లేదనే వైద్యులు భావించారు, మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నారు. ఆయన పాత ఫోటోల్లో పదకొండింటిని బయటికి తీయగలిగాను, మొదటి రెండేళ్లవి ఆ కంప్యూటరులో ఇంకా తెరుచుకోవడం లేదు. ఆయన వచ్చేలోగా వాటిని తెరిపించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
రెటీనా ఇమేజింగ్ గదిలో పనిచేసే ఒక టెక్నీషియన్